మూత తీస్తేనే తెలిసేది

మా 486 కంప్యూటర్ పెట్టెకి వెనక ఆరు మరలు ఉండాలి. ఎప్పుడు చూసినా రెండే ఉండేవి. మిగతావి మానిటర్ కిందో, ఫ్యూజు తీగ దాచుకునే డబ్బాలోనో, ఒక్కోసారి మా బాపు చొక్కా జేబులోనో దొరికేవి. ఎలాగూ మళ్ళీ మూత తీయాల్సిందే అయినప్పుడు ఆరూ బిగించడం దండగనిపించేది. ఆ కాలంలో ఇంట్లో కంప్యూటర్ ఉన్న నా స్నేహితులందరిదీ ఇదే వరస. మరలన్నీ బిగించి ఉన్న పెట్టె ఎక్కడైనా కనపడిందంటే అది నిన్నమొన్న కొన్నదైనా అయ్యుండాలి, ఏ బ్యాంకుదైనా అయ్యుండాలి.

1994 నాటి మాట. మాది హనుమకొండ. బాపు కాలేజీలో లెక్చరర్. ఊళ్ళో అప్పటి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది. థీసిస్‌లు, ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసిపెడితే కంప్యూటర్ డబ్బులు తిరిగొస్తాయని లెక్కవేసి, పీఎఫ్ లోను పెట్టి కొన్నాడు. హెచ్‌సీఎల్, విప్రో, జెనిత్ లాంటి కంపెనీ మిషన్ల ధర మాకు అందేది కాదు. ఇక మిగిలింది అసెంబుల్డ్. ఢిల్లీ వాళ్ళకి నెహ్రూ ప్లేస్, మద్రాసు వాళ్ళకి రిచీ స్ట్రీట్, బెంగళూరు వాళ్ళకి ఎస్పీ రోడ్ ఎలాగో, మనకి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలాగ. అందరూ సీటీసీ అనేవాళ్ళు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే షాపులు తెరిచే వేళకి అక్కడుండొచ్చు.

షాపులో ముందు చేతిలో పెట్టేది కొటేషన్. అరపేజీ జిరాక్స్ కాగితం. 486 ఎస్‌ఎక్స్-33 ప్రాసెసర్, 128 కేబీ క్యాష్ ఉన్న మదర్‌బోర్డు, 4 ఎంబీ ర్యామ్, 170 ఎంబీ హార్డ్ డిస్క్, 1.44 ఎంబీ ఫ్లాపీ డ్రైవ్, 512 కేబీ వీజీఏ కార్డు, 14 అంగుళాల మోనో మానిటర్, 101 కీల కీబోర్డు. ఇవన్నీ అచ్చులో ఉండేవి. ధర మాత్రం పెన్సిల్‌తో రాసిచ్చేవాళ్ళు, సాయంత్రానికి మారొచ్చని. డాలరు అప్పుడు 31 రూపాయల చిల్లర. సరుకంతా తైవాన్ నుంచో సింగపూర్ నుంచో వచ్చేది. ఏ దారిన వచ్చిందని అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు.

కొటేషన్‌లో రాసిన వస్తువూ పెట్టెలో పెట్టిన వస్తువూ ఒకటేనా అన్నది అసలు చిక్కు. చాలామంది షాపువాళ్ళు నిజాయితీగానే ఉండేవాళ్ళు. కాకపోతే స్టాకులో ఏది ఉంటే అది వేసేవాళ్ళు. బయటి నుంచి చూస్తే అన్ని పెట్టెలూ ఒకటే, గోధుమరంగు రేకు డబ్బా, ముందు ఒక టర్బో బటన్, ఒక రీసెట్ బటన్, ఒక తాళంచెవి. వాటి పక్కన ఎర్రగా వెలిగే రెండంకెలు. ఆ అంకెల్ని చూసి మురిసిపోయిన మధ్యతరగతి తండ్రులు ఎందరో. 33 అని వెలిగితే 33 మెగాహెర్ట్జ్, టర్బో నొక్కి 66 అని వెలిగితే 66 అనుకునేవాళ్ళు. నిజానికి ఆ డిస్‌ప్లే దేన్నీ కొలవదు. అంకెలో ఏ గీత వెలగాలో దాని వెనకున్న చిన్న చిన్న జంపర్లు తీర్మానిస్తాయి, ప్రాసెసర్ ఊసే దానికి తెలియదు. మా స్నేహితుడొకడు తన 386 మీద 99 అని వెలిగేట్టు పెట్టుకున్నాడు. వాళ్ళింటికొచ్చిన చుట్టాలందరూ వాడి మిషన్ మా మిషన్ కన్నా మూడు రెట్లు గొప్పదని వెళ్ళేవాళ్ళు.

అందుకే మూత తీయాలి. తీసి చదవాలి.

నాకు ఆ చదువు చెప్పింది సీటీసీలో మేం కొన్న షాపు ఇంజనీరు. అప్పట్లో స్క్రూడ్రైవర్ పట్టినవాణ్ణల్లా ఇంజనీరనే పిలిచేవాళ్ళు. ఆయన చదివింది ఐటీఐ. నేను అన్నా అనేవాణ్ణి. మా పెట్టె నా కళ్ళముందే బిగిస్తూ, బిల్లు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటున్న నన్ను చూసి నవ్వాడు. "బిల్లు ఏం చూస్తున్నవ్ తమ్మీ, గది మేం రాసిందే గద. చిప్పు మీద ఏం రాసుందో చూడు" అన్నాడు.

చిప్పు మీద నిజంగానే చాలా రాసుంటుంది. ర్యామ్ సంగతే తీసుకోండి. అప్పటి 30 పిన్నుల సిమ్ముల మీద, అంటే ర్యామ్ స్టిక్కుల మీద, సైజు ఎక్కడా రాయరు. 1 ఎంబీ స్టిక్కూ 256 కేబీ స్టిక్కూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి తేడా తెలియదు. చిప్పు మీది నంబరే ఆధారం. 514256 అని ఉంటే అది 256కే, నాలుగు బిట్లు. 514400 అని ఉంటే ఒక మెగా, నాలుగు బిట్లు. కంపెనీని బట్టి ముందు అక్షరాలు మారతాయి గానీ ఆ తోక చాలావరకు అదే. ఒక స్టిక్కు ఎనిమిది బిట్లు ఇవ్వాలి, పారిటీకి ఇంకొకటి. కాబట్టి 514400 చిప్పులు రెండు, పారిటీ కోసం చిన్నది ఒకటి, మొత్తం మూడు కనపడితే అది 1 ఎంబీ. ఒక్కొక్క బిట్టు చిప్పులే తొమ్మిది వరసగా ఉన్నా 1 ఎంబీ కావచ్చు. మూడు చిప్పులదీ తొమ్మిది చిప్పులదీ ఒకే వరసలో కలిపి పెడితే కొన్ని బోర్డులు మారాం చేసేవి. నంబరు చివర గీత పెట్టి 7 అనో 70 అనో ఉంటే 70 నానోసెకన్లు, 6 ఉంటే 60. తక్కువైతే వేగం ఎక్కువ. పక్కనే ఇంకో నాలుగంకెలు ఉంటాయి. 9332 అంటే 1993లో 32వ వారం. కొత్త సరుకని అమ్మిన స్టిక్కు మీద 8940 అని కనపడితే అది ఇంకెవరి పెట్టెలోనో నాలుగేళ్ళు కాపురం చేసొచ్చిందన్నమాట.

486కి ఒక్కసారికి 32 బిట్లు కావాలి. ఒక్కో స్టిక్కు ఎనిమిదే ఇస్తుంది. అందుకే నాలుగు కలిపి పెడితేనే ఒక వరస. మూడు పెడితే పెట్టె పీప్ పీప్‌మని ఊరుకుంటుంది. 1 ఎంబీ స్టిక్కులతో 5 ఎంబీ, 6 ఎంబీ అన్న మాటే లేదు, నాలుగు నించి ఎనిమిదికి దూకాల్సిందే. తర్వాత వచ్చిన 72 పిన్నుల సిమ్ము ఒక్కటే 32 బిట్లు ఇచ్చేది గనక ఆ బాధ తప్పింది. కానీ పాత స్టిక్కులేం చేయాలి? దానికీ ఉపాయం ఉండేది. నాలుగు పాత స్టిక్కుల్ని నిలబెట్టి ఒక కొత్త స్లాటులో గుచ్చే కన్వర్టర్ కార్డు అమ్మేవాళ్ళు. గుచ్చాక పక్క స్లాటుకి చోటుండేది కాదు. అయినా కొన్నవాళ్ళున్నారు. ర్యామ్ పారేయడం అప్పుడు ఊహకందని పని.

ఎందుకంటే దాని ధర అలాంటిది. మేం కొనడానికి ముందు ఏడాది, 1993 జూలైలో, జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. చిప్పుల చుట్టూ పోసే నల్లటి ఎపాక్సీకి కావాల్సిన రెజిన్‌లో ప్రపంచం వాడేదాంట్లో సగానికి పైగా అక్కడే తయారయ్యేదట. ఆ వార్తతో ర్యామ్ ధర రాత్రికి రాత్రి ఎగిరి కూర్చుంది. హనుమకొండలో టైపింగ్ చేసుకునే మాకు నీహామా పేరు తెలియడం వింతే కానీ, సీటీసీ మెట్ల మీద చాయ్ తాగే ప్రతివాడికీ తెలుసు. ఆ ధర 1995 దాకా దిగలేదు. 1996లో మాత్రం దబ్బున పడింది. 1995లో నాలుగు స్టిక్కులు కొని పొంగిపోయినవాళ్ళు మరుసటి ఏడాది షాపు కొటేషన్ చూడటానికే భయపడ్డారు.

ప్రాసెసర్ మీద కూడా చదవడానికి చాలా ఉండేది. 486లో డీఎక్స్, ఎస్‌ఎక్స్ అని రెండు రకాలు. డీఎక్స్‌లో లెక్కలు చేసే కోప్రాసెసర్ లోపలే ఉంటుంది, ఎస్‌ఎక్స్‌లో లేదు. లేదనడం కూడా పూర్తి నిజం కాదు. 1991లో వచ్చిన తొలి ఎస్‌ఎక్స్‌లలో అది ఉంది, పనిచేయకుండా ఆపేశారంతే. కావాలంటే తర్వాత 487 అని విడిగా కొనుక్కోండన్నారు. ఆ 487 ఏమిటా అంటే నిండైన 486 డీఎక్స్ చిప్పే, ఒక పిన్ను ఎక్కువ. దాన్ని పక్క సాకెట్‌లో పెడితే అసలు ఎస్‌ఎక్స్ నోరుమూసుకుని పడుంటుంది, పనంతా కొత్తది చేస్తుంది. ఒకే చిప్పుకి ఒకటిన్నర సార్లు డబ్బు గుంజే ఈ తెలివిని నేనిప్పటికీ మెచ్చుకోలేను. ఇంజనీరింగ్ విద్యార్థులకి ఈ తేడా పెద్దది, వాళ్ళు వాడే ఆటోక్యాడ్ కోప్రాసెసర్ లేనిదే లేవదు. మా ఇంటికి డ్రాయింగ్ పని వచ్చినప్పుడు ఎస్‌ఎక్స్ అని చెప్పి తిప్పి పంపాల్సి వచ్చేది. బాపుకి అది బాగా గుచ్చుకుంది. మా మొదటి పెద్ద అప్‌గ్రేడ్ ఆ రోషంలోంచే పుట్టింది.

దానికన్నా ముందు బోర్డు ఏదో తెలియాలి. మాన్యువల్ ఇచ్చిన షాపు ఒకటైనా ఉందా అని ఇప్పటికీ నా అనుమానం. మిషన్ ఆన్ చేయగానే మెమొరీ లెక్కపెడుతూ టకటకలాడే ఆ కొద్ది క్షణాల్లో, స్క్రీన్ కింద ఎడమ పక్కన ఒక పొడుగాటి అంకెల వరస కనపడేది. గబుక్కున పాజ్ కీ నొక్కితే ఆగుతుంది. ఏఎంఐ బయాస్ అయితే ఆ వరసలో ఒక ముక్క బోర్డు చేసిన కంపెనీకి ఏఎంఐ ఇచ్చిన నంబరు, ఇంకో ముక్క తేదీ, చివర చిప్‌సెట్ గుర్తు. ఆ వరస చీటీ మీద రాసుకుని సికింద్రాబాద్ తీసుకెళ్తే, అన్న తన దగ్గరున్న కాగితాల కట్టలోంచి జంపర్ల పట్టిక వెతికిచ్చేవాడు. అది దొరక్కపోతే బోర్డు మీదే సన్నటి తెల్లక్షరాల్లో ముద్రించినదాన్ని భూతద్దంతో చదువుకోవాలి. జేపీ5లో 1-2 కలిపితే ఎస్‌ఎక్స్, 2-3 కలిపితే డీఎక్స్, ఇలా. జంపర్ మూతలు ఆవగింజల్లా జారిపోయేవి. వాటిని ఫోటో రీలు వచ్చే నల్లటి డబ్బాలో దాచుకోని వాళ్ళని నేను చూడలేదు.

డీఎక్స్2-66 వేసిన రోజు ఇంట్లో పండగ వాతావరణమే. నేల మీద పాత దుప్పటి, దాని మీద ఆంధ్రప్రభ పరిచి, పెట్టె పడుకోబెట్టాం. కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో రానిచ్చేవాళ్ళం కాదు, ఇంటికొచ్చిన వాళ్ళెవరూ దాన్ని వింతగా అనుకునేవాళ్ళూ కాదు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళల్లో రేకు డబ్బా ముట్టుకుంటే జివ్వుమని లాగేది. పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీకి కొంత వోల్టేజి వస్తుందని, ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుందని అన్న చెప్పాడు. మా గోడలో మూడో కన్నం ఉంది గానీ దాని వెనక తీగ లేదు. బాపు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పెరట్లో గొయ్యి తవ్వించి బొగ్గూ ఉప్పూ వేయించి ఎర్త్ పెట్టించాడు. కంప్యూటర్ వల్ల మా ఇంటికి ఒరిగిన మొదటి మేలు అది.

ఆ ప్రాసెసర్ బయట 33 మెగాహెర్ట్జ్‌తోనే మాట్లాడుతుంది, లోపల రెట్టింపు పరిగెడుతుంది. అందుకని బోర్డు వేగం మార్చనక్కర్లేదు, రకం చెప్పే జంపర్లు మారిస్తే చాలు. కొత్త బోర్డులకి సాకెట్ పక్కన చిన్న లివర్ ఉంటుంది, పైకెత్తితే చిప్పు తానే వదులుతుంది. మాది పాతది. 168 కాళ్ళ చిప్పుని నలువైపులా కొంచెం కొంచెం ఎత్తుతూ ఊడదీయాలి. ఒక్క కాలు వంగితే బాపు పీఎఫ్ వంగినట్టే. అన్న ముందే చెప్పాడు: "ఎంత నిదానం చేస్తే అంత లాభం తమ్మీ, తొందరపడి కంపాస్ ముల్లుతోని పొడవకు." చిప్పు ఒక మూల చిన్నగా కోసి ఉంటుంది, సాకెట్ మీది గుర్తుతో ఆ మూల కలవాలి. కలిపి, గట్టిగా అదిమి, ఆన్ చేశాం. ఆటోక్యాడ్ లేచింది. ఆ నెలలోనే సివిల్ విద్యార్థులు మా గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మొదలైంది.

ఇంత చెప్పాక ఒక మాట. డీఎక్స్2 కన్నా మాకు ఎక్కువ మేలు చేసింది ర్యామే. 4 నించి 8 ఎంబీ అయ్యాక విండోస్ 3.1లో పేజ్‌మేకర్ తెరిస్తే హార్డ్ డిస్క్ లైటు ఆగిపోయేది. అంతకుముందు అది ఆగేదే కాదు. మెమొరీ చాలక ప్రతి పేజీనీ డిస్కు మీదికి దించి, మళ్ళీ ఎక్కించి, చుక్కలు చూపించేది. ర్యామ్ ముందు, డిస్కు తర్వాత, ప్రాసెసర్ ఆఖరున, ఇదీ అప్‌గ్రేడ్‌లో నా మతం. జనం మాత్రం తలకిందులుగా చేసేవాళ్ళు, చెప్పుకోవడానికి ప్రాసెసర్ పేరే బాగుంటుంది గనక. 1996లో మా వీధిలో ఒకాయన 4 ఎంబీ ర్యామ్ మీద ఏఎండీ 5ఎక్స్86-133 వేయించుకుని, మిషన్ ఇంకా నిదానంగానే ఉందని షాపు మీద తగువుకెళ్ళాడు.

నిజానికి ఆ 5ఎక్స్86 మంచి చిప్పు. పాత 486 బోర్డులకి దొరికిన చివరి వరం. 33ని నాలుగు రెట్లు చేసుకుంటుంది. నాలుగు రెట్లన్న సెట్టింగు పాత బోర్డులకి తెలియదు కదా, అందుకని బోర్డు మీద రెండు రెట్లు అని ఉన్న చోట జంపర్ పెడితే అది నాలుగుగా అర్థం చేసుకునేది. పెంటియం 75కి సమానమని ఏఎండీ దానికి పీ75 అని పేరు పెట్టింది. కానీ దానికి మూడున్నర వోల్టులకి లోపే ఇవ్వాలి. మా బోర్డు లాంటి పాతవి అయిదు వోల్టులు ఇస్తాయి. మధ్యలో వోల్టేజి తగ్గించే చిన్న అడాప్టర్ సాకెట్ వేయకుండా గుచ్చితే వాసనొస్తుంది. సీటీసీలో ఆ వాసన అందరికీ తెలుసు.

బొమ్మల కార్డుకి కూడా ఇలాగే పెంపకం ఉండేది. మాది ట్రైడెంట్. బోర్డు మీద ఎనిమిది సాకెట్లు, నాలుగింట్లో మెమొరీ చిప్పులు, నాలుగు ఖాళీ. ఒక్కోటి 128 కేబీ, నాలుగు కలిస్తే 512. కలర్ మానిటర్ కొన్నాక 1024 గుణించు 768 పెట్టి చూస్తే పదహారు రంగులే వచ్చేవి. 256 రంగులు కావాలంటే చుక్కకో బైటు చొప్పున ఏడు లక్షల ఎనభై ఆరు వేల పైచిలుకు బైట్లు కావాలి, 512 కేబీలో పట్టవు. మరో నాలుగు చిప్పులు కోఠీ గుజరాతీ గల్లీలో విడిగా దొరికాయి. రేడియోలు, టేప్‌రికార్డర్ల సామాను మధ్య, చిప్పుల కాళ్ళకి తగరపు కాగితం చుట్టి ఇచ్చాడు. గాటు ఉన్న వైపు గాటుకి కలిపి, కాళ్ళు ఒక్కోటీ వరుసలో ఉన్నాయో లేదో చూసి నొక్కితే, రంగులు వచ్చేశాయి. కార్డు మార్చలేదు, మెమొరీ మాత్రం రెట్టింపయింది. అలా సగం ఖాళీగా పెట్టి అమ్మడం ఇప్పుడు ఎవరికీ గిట్టుబాటు కాదు కాబోలు.

ఇక అబద్ధం ఆడిన చిప్పుల కథ. 486 బోర్డుల ఆఖరి రోజుల్లో, 1995 ప్రాంతంలో, చవకగా కొన్ని బోర్డులు వచ్చాయి. 256 కేబీ క్యాష్ అని రాసుండేది, చిప్పులూ వరసగా కనపడేవి, బయాస్ కూడా ఆన్ కాగానే క్యాష్ ఉందనే చెప్పేది. అవి ఉత్త నల్ల ప్లాస్టిక్ ముక్కలు. కాళ్ళున్నాయి, లోపల సిలికాన్ లేదు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట "రైట్ బ్యాక్" అని అచ్చేసి ఉండేది. బయాస్‌ని కూడా అబద్ధం చెప్పేట్టు మార్చారు. మోసాలు చాలా చూశాను గానీ ఇంత శ్రద్ధగా చేసిన మోసం ఇంకోటి చూడలేదు. పట్టుకునే మార్గం సులువే. సెటప్‌లోకి వెళ్ళి ఎక్స్‌టర్నల్ క్యాష్ ఆపేసి, నార్టన్ సిస్‌ఇన్ఫోతోనో, ఒక పెద్ద ప్రోగ్రాం కంపైల్ చేసో చూడాలి. ఆపినా ఆపకపోయినా వేగం ఒకటే అయితే అక్కడ ఏమీ లేదన్నట్టు. ఈ కబురు పాకాక సీటీసీలో కొన్నాళ్ళు ప్రతి గిరాకీ చిప్పులకేసి కళ్ళజోడు సవరించుకుని చూసేవాడు. షాపువాళ్ళకి తలనొప్పి, మా అన్నకి మాత్రం తెగ సంబరం.

ప్రెస్సుల్లో ఇంకో రకం కార్డు కనపడేది, జిస్ట్. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్ చేతుల్లో పెరిగిన కార్డు. ఐఎస్ఏ స్లాటులో గుచ్చితే డాస్ మీద నడిచే మామూలు వర్డ్‌స్టార్‌లో, డీబేస్‌లో తెలుగు టైపు చేసుకోవచ్చు. ఆ ప్రోగ్రాములకి తెలుగు అనే భాష ఒకటుందని కూడా తెలియదు, అక్షరాలు గీయడమంతా కార్డే చూసుకునేది. తెలుగు అప్పుడు సాఫ్ట్‌వేర్ కాదు, స్క్రూడ్రైవర్‌తో బిగించుకునే వస్తువు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ప్రెస్సాయన తన మిషన్ మూత తీసినప్పుడల్లా ఆ కార్డుని ముందుగా పీకి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవాడు. మిగతా పెట్టె ఎవరేం చేసుకున్నా పట్టించుకునేవాడు కాదు.

హార్డ్ డిస్కులు మాత్రం ఎక్కువ ఊళ్ళు తిరిగాయి. సీడీ రైటర్లు లేవు, ఫ్లాపీలో పట్టేది ఒకటిన్నర ఎంబీ కన్నా తక్కువ. స్నేహితుడి దగ్గర ఏదైనా తెచ్చుకోవాలంటే డిస్కు ఊడదీసి, తువ్వాలులో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని సైకిల్ మీద వెళ్ళడమే. అక్కడ వాడి డిస్కు మాస్టర్, మనది స్లేవ్ అని జంపర్లు మార్చాలి. కొన్ని డిస్కులు ఒంటరిగా ఉంటే చక్కగా తిరిగేవి, ఇంకో కంపెనీ డిస్కుతో ఒకే తీగ మీద పెడితే రెండూ మాయమయ్యేవి. 1995లో 850 ఎంబీ డిస్కు తెచ్చుకున్నవాళ్ళకి ఇంకో ఆశ్చర్యం, సెటప్‌లో 504 ఎంబీనే కనపడేది. పాత బయాస్ 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లకి మించి లెక్కపెట్టలేదు. మిగతా జాగా కావాలంటే డిస్క్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. డిస్కు సంగతి బయాస్‌కి మనమే చేత్తో చెప్పాలి అప్పుడు. బోర్డు మీది బ్యాటరీ నీరసిస్తే పెట్టె అన్నీ మరిచిపోయి తేదీ 1980 అని చూపిస్తుంది, డిస్కే లేదంటుంది. అందుకే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు స్కెచ్ పెన్నుతో రేకు మీదే రాసుకునేవాళ్ళం. కాలేజీ ల్యాబులో పాత ఎక్స్‌టీల్లో ఉండే 20 ఎంబీ సీగేట్ ఎస్‌టీ-225 లెక్క 615, 4, 17. మా ఇంటి ఫోన్ నంబరు మారింది, మరిచిపోయాను. ఈ మూడంకెలు పోలేదు.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. పవర్ సప్లై నుంచి బోర్డుకి వచ్చే రెండు తీగల కట్టలు, పీ8, పీ9, చూడటానికి కవలలు, తారుమారు చేసినా చక్కగా దూరతాయి. దూరితే బోర్డు పోయినట్టే. నల్ల తీగలు రెండూ మధ్యలో పక్కపక్కన రావాలి అన్న ఒక్క సూత్రం మీద దేశమంతా బతికింది. అలా డిజైన్ చేసినవాడు ఎవరో గానీ వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. సౌండ్ కార్డుకి ఐఆర్‌క్యూ 5 ఇవ్వాలా 7 ఇవ్వాలా, 7 ఇస్తే ప్రింటర్ ఏమంటుంది అని ఆదివారాలు తగలేసిన జ్ఞాపకాలకి తీపి పూయలేను. విండోస్ 95 వచ్చాక అవన్నీ నెమ్మదిగా అదే చూసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత జంపర్లు పోయి బయాస్‌లోకి వెళ్ళాయి, సౌండ్, వీడియో రెండూ బోర్డులోనే కలిశాయి. ల్యాప్‌టాప్ వచ్చింది, దాని ర్యామ్‌ని కూడా బోర్డుకే టంకం వేసేశారు. చదవడానికి ఏమీ మిగలలేదు. ఇప్పుడు మనం వాడే వస్తువు తన గురించి తానే స్క్రీన్ మీద చెప్పుకుంటుంది, మనం నమ్ముతాం.

మా పెట్టె 1999లో ముక్కలుగా అమ్ముడుపోయింది. ర్యామ్ మొత్తం పరకాల వెళ్ళింది, ఒక ట్యుటోరియల్ ఆయనకి. డీఎక్స్2 చిప్పు మా 99 మెగాహెర్ట్జ్ స్నేహితుడు తీసుకున్నాడు. కలర్ మానిటర్‌కి మంచి ధరే వచ్చింది. ఎవరూ అడగనిది మదర్‌బోర్డు, దాన్ని రేకు డబ్బాలోనే ఉంచి అటకెక్కించాం.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు అటక దించి, పాత డాస్ ఆటలు ఆడాలని దాన్ని లేపుతానన్నాడు. మీ అటక మీదా అలాంటిది ఉంటే, వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. ముందు ప్లగ్గు జోలికి పోకండి. మూత తీసి కీబోర్డ్ సాకెట్ దగ్గర పీపాలా ఉండే నీలం బ్యాటరీ కోసం చూడండి. అది నికెల్ కాడ్మియం, ఈపాటికి కారి పచ్చగా పొక్కి ఉంటుంది. ఆ క్షారం రాగి గీతల్ని తినేస్తుంది. కత్తిరించి తీసేయండి, వెనిగర్‌లో దూది ముంచి తుడవండి, తర్వాత స్పిరిట్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ర్యామ్ స్టిక్కుల కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. పాత డిస్కు తిరగకపోతే బాధపడొద్దు, కెమెరాలో వాడే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుని చిన్న అడాప్టర్‌తో ఐడీఈ తీగకి తగిలిస్తే బోర్డు దాన్నే హార్డ్ డిస్కు అనుకుంటుంది. 504 ఎంబీ లోపలి కార్డయితే ఏ గొడవా లేదు. నల్ల తీగలు మధ్యలోకి వచ్చాయో లేదో రెండుసార్లు చూసుకున్నాక స్విచ్ వేయండి. మరలు మాత్రం అన్నీ బిగించకండి, మొదటిసారికే లేవదు.